రంగునీటికి వ్యర్థపదార్థములతో చికిత్స

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఒక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచినదనిన, ఆ యూరివారు తమ బిడ్డలకు పొలము పుట్రలతోపాటు తెలివిని గూడ వారసత్వముగా నీయ సంకల్పించినారని యర్థము. ఇట్టి శుభసమయమున పురాణ ప్రసంగమో, కావ్యగోష్ఠియో జరుగుట వాడుక. నేటి ప్రసంగ విషయము మాత్రము మురికినీరు. వినుట కింపుగా లేకున్నను, ఊరి నూతికిని, ఊరి చెఱువునకును, ఊరి పైరునకును సంబంధించిన సంగతి యగుటచే దీనికిని ఈ సభయందు చోటు కలదు. బట్టల కద్దకము వేయు కర్మాగారములనుండి వెలువడు రంగునీటిని, మఱియొక కర్మాగారము పాఱవేసిన బూడిదతోను, మసితోను, మడ్డితోను శుభ్రపఱచవచ్చునా? వచ్చునన్నచో ఎంతవఱకు? దానివలన క్రొత్త కీడు రాకుండుటకు ఏ జాగ్రత్తలు కావలయును? ఈ మూడు ప్రశ్నలే నేటి విషయము.

రంగుల పుట్టుపూర్వోత్తరములు

తెలుగువారికి అద్దకము క్రొత్తవిద్య కాదు. మచిలీపట్టణపు కలంకారీ వస్త్రములు శతాబ్దముల క్రిందటనే ఓడలమీద పారశీక దేశమునకును, ఐరోపా ఖండమునకును పోయినవి. ఎఱుపునకు చిరివేరు, నీలమునకు నీలిమందు, నలుపునకు ఇనుపముక్కలను బెల్లపునీటిలో నానవేసి తీసిన ద్రవము, రంగు పట్టుటకు పటికయు కరక్కాయయు ఆనాటి సామగ్రి. అద్దకపువారు గుడ్డలను పాఱు నీటిలో జాడించెడివారు. ఆ నీటను గూడ కొంత మలినము కలిసెడిదే. కాని పని చేతిపని, సరకు స్వల్పము, నది పెద్దది.

1856వ సంవత్సరమున లండను నగరమున విలియం హెన్రీ పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల విద్యార్థి, మలేరియా జ్వరమునకు మందగు క్వినైనును కృత్రిమముగా చేయబూనెను. క్వినైను రాలేదు. తారునుండి లభించు అనిలీను అను పదార్థమునుండి చక్కని ఊదారంగు వచ్చెను. కృత్రిమ వర్ణముల యుగమునకు అదియే ఆరంభము. తరువాతి కాలమున రసాయనజ్ఞులు వేలకొలది రంగులను నిర్మించిరి. నీలిమందు తోటలు క్షీణించినవి; చిరివేరు త్రవ్వువారు కఱవైరి. సరిగా నూఱేండ్లకు, 1956లో, నూలుపోగుతో రసాయనికముగా ముడిపడిపోవు రంగులు విపణిలోనికి వచ్చినవి. వీనికి 'రియాక్టివ్' రంగులని పేరు. ఉతికినను వెలియని నూలు బట్టలు సామాన్యునకు చౌకగా లభించుట ఈ రంగుల చలువయే.

ఐతే తొట్టిలో వేసిన రంగంతయు బట్టకు పట్టదు. ఈ జాతి రంగులలో నూటికి పది మొదలు నలువది పాళ్ళ వఱకు పోగును పట్టక నీటిలోనే మిగిలిపోవును. నీటితో కలిసి స్వభావము మాఱిన ఆ రంగు మరల అద్దకమునకు పనికిరాదు. రంగు పోగువైపు మొగ్గుటకై లీటరు నీటికి 30 మొదలు 100 గ్రాముల వఱకు ఉప్పునుగూడ కలుపుదురు. ఆ యుప్పులో ఒక్క కణమైనను బట్టతో పోదు, సమస్తము కాలువపాలగును. ఒక కిలో నూలు వస్త్రమును అద్ది, కడిగి, ముగించునప్పటికి యంత్రమునుబట్టి హెచ్చుతగ్గులుగా సుమారు 100 లీటర్ల నీరు ఖర్చగుచున్నది. ఈ లెక్కను జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో పని కలదు.

రెండు ఊళ్ళ గాథలు

తమిళనాట వెల్లింగిరి కొండలలో పుట్టి, కోయంబత్తూరు, తిరుప్పూరు మీదుగా ప్రవహించి, కావేరిలో కలియు నొయ్యల్ అను చిన్న నది కలదు. తిరుప్పూరు బనియనులకు దేశ దేశముల పేరు వచ్చినకొలది అచ్చట అద్దకపు శాలలు వందలుగా పెరిగినవి. తిరుప్పూరునకు దిగువను ఒరత్తుపాళయమువద్ద పొలములకు నీరిచ్చు నిమిత్తము ఆనకట్ట కట్టి 1992లో ముగించిరి. ఏమి జరిగినది? జలాశయమున నిండినది రంగుతోను, ఉప్పుతోను కూడిన వ్యర్థజలము. నీరు రావలెనని ఆనకట్ట కోరిన రైతులే, ఆ నీరు తమ పొలములమీదికి వదలవద్దని న్యాయస్థానమున కెక్కవలసిన దుర్గతి పట్టినది. 2011 జనవరిలో మద్రాసు ఉన్నత న్యాయస్థానము ఆ ప్రాంతపు అద్దకపు శాలలను మూయింప నాజ్ఞాపించెను. శాలలలో కూలిచేసి బ్రదుకువారు పనిలేక పోయిరి. పొలము దున్నువారు అంతకుముందే నష్టపోయి యుండిరి. పాపము చేయని రెండు తెగలవారును బాధపడిరి.

రెండవ గాథ రాజస్థానమున ఉదయపూరు మండలములోని బిచ్చరి గ్రామమునది. అచ్చట 1987 ప్రాంతమున రంగులకు మూలపదార్థమగు 'హెచ్ ఆమ్లము' తయారుచేయ మొదలిడిరి. తయారైన సరకు సుమారు 375 టన్నులు మాత్రమే. దానివలన ఏర్పడిన మడ్డి సుమారు 2,400 టన్నులు. ఆ మడ్డిని బయలున పోసిరి. వానలు కురిసినవి, మడ్డిలోని విషము నేలలోనికి దిగినది, ఊరి నూతులలోని నీరు నల్లబాఱి మనుష్యులకే గాక పశువులకును, పైరులకును పనికిరానిదైనది. గ్రామస్థులు తిరుగబడిరి. కర్మాగారము మూతపడిన తరువాతను నూతులు బాగుపడలేదు. 1996 ఫిబ్రవరిలో భారత సర్వోన్నత న్యాయస్థానము, చెఱచినవాడే బాగుచేయు ఖర్చును భరింపవలెనను సూత్రమును ఈ వ్యాజ్యమునందే గట్టిగా స్థాపించెను.

నొయ్యల్ కథలో నీటిని చెఱచినది ద్రవరూపమగు మలినము. బిచ్చరి కథలో నీటిని చెఱచినది గట్టునబెట్టిన మడ్డి. ఈ భేదము మిక్కిలి ముఖ్యము. నీటిలోని రంగును తీసి గట్టుమీద పోసినంత మాత్రమున చికిత్స ముగియదని బిచ్చరి చెప్పుచున్నది.

రంగు ఏల పోదు?

రంగును సృజించిన రసాయనజ్ఞుని యాశయము అది ఎండకు వెలియరాదని, సబ్బునకు కరుగరాదని, చెమటకు చెడరాదని. బట్టమీద గుణమైన ఈ మొండితనమే నీటిలో దోషమగుచున్నది. సామాన్యమైన మురుగునీటిని సూక్ష్మజీవులు తిని శుభ్రపఱచును. ఈ రంగులలో పెక్కింటిని ఆ జీవులు ముట్టవు. గాలి తగులని చోట కొన్ని సూక్ష్మజీవులు రంగును విఱుగగొట్టునుగాని, 'అజో' జాతి రంగులు విఱిగినప్పుడు అమీనులను పదార్థములు పుట్టును. వానిలో బెంజిడీను వంటివి పుట్టకుఱుపునకు కారణములని ఋజువైనది. ఇందుచేతనే భారత ప్రభుత్వము 1990 దశకమున అట్టి రంగులను నూటికి పైగా నిషేధించినది.

లీటరు నీటిలో ఒక మిల్లిగ్రాము రంగుండినను కంటికి కనబడును. రంగునీటిలోనికి సూర్యరశ్మి చొరదు, రశ్మి లేనిచో నాచు పెరుగదు, నాచు లేనిచో నీటిలో ప్రాణవాయువు తగ్గును, చేపలు నశించును. కాబట్టి రంగు చూపున కసహ్యమైనది మాత్రమే కాదు. నీటిలోని జీవవ్యవస్థనే కలచివేయునది.

పటికయో, ఇనుప లవణమో వేసి రంగును విఱిచి అడుగునకు దింపుట ఒక మార్గము. ఓజోను వాయువుతో కాల్చుట మఱియొకటి. సన్నని పొరలగుండ వడకట్టుట వేఱొకటి. అన్నియు పనిచేయునుగాని, కొన్నింటికి విద్యుచ్ఛక్తి విరివిగా కావలయును. కొన్నింట మడ్డి విస్తారముగా మిగులును. చిన్న అద్దకపు శాలకు అందుబాటులో నుండు మార్గము కావలెననునప్పుడు బొగ్గు జ్ఞప్తికి వచ్చును.

బొగ్గు మహిమ

1785లో రష్యా దేశమున తోబియాస్ లోవిట్జ్ అను ఔషధ శాస్త్రజ్ఞుడు, బొగ్గుపొడి ద్రావణములలోని రంగును హరించునని కనుగొనెను. పిమ్మట ఐరోపా చక్కెర కర్మాగారములలో పాకమును తెల్లబఱచుటకు ఎముకల బొగ్గును వాడజొచ్చిరి. ఇందలి కిటుకు బొగ్గు నీటిని పీల్చుకొనుట కాదు. గుడ్డ నీటిని లోపలికి పీల్చుకొనును, దానిని శోషణమందురు. బొగ్గు రంగు కణములను తన ఉపరితలమునకు అంటించుకొనును, దీనిని అధిశోషణమందురు. గోడకు సున్న మంటినట్లు రంగు బొగ్గున కంటుకొనును. గోడ యెంత పెద్దదైన అంత సున్నము పట్టును గదా! అటులనే ఉపరితల మెంత విశాలమైన అంత రంగు పట్టును.

బొగ్గును ఆవిరితోనో, రసాయనములతోనో తగినవేడిమి నుత్తేజపఱచినచో దానియందు కంటికి కనబడని రంధ్రములు కోట్లకొలది ఏర్పడును. అట్టి ఉత్తేజిత అంగారము ఒక గ్రామునకు సుమారు 1,000 చదరపు మీటర్ల ఉపరితల ముండవచ్చును. తులమనిన పదునొకండున్నర గ్రాములకు పైమాట. అనగా ఒక తులము అంగారమున ఇమిడియున్న తలమును పఱచినచో దాదాపు మూడు ఎకరములగును. రైతు మూడెకరముల పొలమును అరచేత పట్టుకొన్నట్లే! ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, తలముమీద చోటులు పరిమితములనియు, అవి నిండిన పిదప మఱి పట్టదనియు 1918 నాటికి గణితముతో నిరూపించెను. ఉపరితల రసాయనమునందలి కృషికి 1932లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

కాని ఉత్తేజిత అంగారము ఖరీదైనది. ఒకమాఱు నిండిన దానిని మరల కాల్చి వాడుకొనవచ్చునన్నను, ప్రతిమాఱును కొంత నష్టమగును; కొలిమియు కావలెను. కనుకనే, కర్మాగారములు పనికిరాదని పాఱవేయు వస్తువులలో బొగ్గువంటి గుణముగలవి యేవైన కలవా యని శాస్త్రజ్ఞులు వెదకిరి.

ఏ వ్యర్థము ఎట్టిది?

మొదటిది బొగ్గు విద్యుత్కేంద్రముల బూడిద. భారతదేశపు బొగ్గున నూటికి 30 మొదలు 40 పాళ్ళు బూడిదయే. ఇబ్రహీంపట్టణమునను, పాల్వంచయందును, రామగుండమునను ఈ బూడిద కొండలవలె పోగుపడుట పలువురు కన్నారు. ఇందు ఇసుకలోని సిలికాయు, అల్యూమినా, ఇనుప ఆక్సైడు, సున్నము, కాలక మిగిలిన కొంచెము బొగ్గును ఉండును. రంగును పట్టు శక్తి ప్రధానముగా ఈ కాలని బొగ్గునకే. బూడిద ఉపరితలము అంగారముతో పోల్చిన అత్యల్పము. కాస్టిక్ సోడాతో కాచినచో 'జియోలైటు' అను రంధ్రమయ ఖనిజముగా మాఱి దీని శక్తి హెచ్చును, ఖర్చును హెచ్చును.

రెండవది చక్కెర కర్మాగారముల పిప్పి బూడిద. నూఱు టన్నుల చెఱకు గానుగాడిన సుమారు ముప్పది టన్నుల పిప్పి వచ్చును. దానిని ఆవిరి యంత్రముల క్రింద మండించినప్పుడు పొగగొట్టమువద్ద పట్టుకొన్న బూడిదయందు కాలని బొగ్గు ఎక్కువ. ధాన్యపు మిల్లుల ఊక బూడిదయు ఇట్టిదే. నూఱు కిలోల వడ్లకు ఇరువది కిలోల ఊక, ఆ యూకకు నాలుగు కిలోల బూడిద. తెల్లగా కాలిన బూడిద దాదాపు సిలికాయే. నల్లగా మిగిలినదానియందే రంగు పట్టు గుణము హెచ్చు.

మూడవది ఎఱువుల కర్మాగారముల మసిముద్ద. ఇంధన తైలమునుండి హైడ్రోజను తీయునప్పుడు ఇది ఏర్పడును. రూర్కీలోని శాస్త్రజ్ఞులు దీనిని హైడ్రోజను పెరాక్సైడుతో శుద్ధిచేసి, సుమారు 450 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి నుత్తేజపఱచి పరీక్షించిరి. 2003లో ప్రకటింపబడిన వారి పరిశోధన ప్రకారము, ఈ పదార్థము ఒక గ్రాము సుమారు 200 మిల్లిగ్రాముల ఆమ్లజాతి రంగును పట్టగలిగినది. ప్రమాణముగా గైకొన్న అంగారపు శక్తిలో అయిదింట నాలుగువంతులు చూపినది. అదే పరిశోధనయందు ఉక్కు కర్మాగారముల చిట్టెము, కొలిమి దుమ్ము, కొలిమి మడ్డి ఈ రంగులకు తగినవి కావని తేలినది. వ్యర్థమైనదెల్ల ఔషధము కాదని దీనివలన స్పష్టము. మఱియొక సంగతియు గలదు. 2013 నాటికి అట్టి ఎఱువుల కర్మాగారములు పెక్కు ప్రకృతి వాయువునకు మాఱినవి; మసిముద్ద అరుదైనది. ఒకరి వ్యర్థముమీద ఆధారపడిన వైద్యము, ఆ వ్యర్థము ఆగిన నాడు ఆగిపోవును.

నాల్గవది ఎఱ్ఱబురద. బాక్సైటునుండి అల్యూమినా తీయగా మిగులునది. ఒక టన్ను అల్యూమినాకు టన్ను మొదలు టన్నున్నర వఱకు మిగులును. ఒడిశాలోని దామన్‌జోడి కర్మాగారమున దీని చెఱువులే కలవు. ఇది ఘోరమైన క్షారము. 2010 అక్టోబరు 4వ తేదీన హంగరీ దేశమున అయ్‌కా వద్ద ఎఱ్ఱబురద గట్టు తెగి ఊళ్ళమీద పడగా పదిమంది మరణించిరి. ఇట్టి వస్తువును గూడ శాస్త్రజ్ఞులు విడువలేదు. కోయంబత్తూరు పరిశోధకులు 1997లో ప్రకటించిన ఫలితము ప్రకారము, ఎఱ్ఱబురద 'కాంగో ఎఱుపు' అను రంగును గ్రామునకు సుమారు 4 మిల్లిగ్రాములు పట్టినది.

ఐదవది వేఱు తరగతిది. ఉక్కు తీగలను, రేకులను ఆమ్లములో ముంచి త్రుప్పు తీయగా మిగిలిన ద్రవమున ఇనుప లవణములు పుష్కలముగా నుండును. ఇది అధిశోషణము చేయదు. పటికవలె రంగును విఱిచి దింపును. ఇనుప లవణమునకు హైడ్రోజను పెరాక్సైడు తోడైనచో రంగు కణము ఛిన్నమగును. 1894లో ఫెంటన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కనుగొన్న ప్రక్రియ యిదియే.

ఏ రంగునకు ఏ పదార్థమనునది కూడ విచారింపవలసినదే. రంగులలో కొన్ని ధన విద్యుదావేశము గలవి. కొన్ని ఋణావేశము గలవి. బూడిద ఉపరితలము క్షారజలమున ఋణావేశము పొందును గనుక ధనావేశపు రంగులను ఆకర్షించును. ఎఱ్ఱబురదలోని ఇనుప ఆక్సైడు ఆమ్లజలమున ధనావేశము పొంది ఋణావేశపు రంగులను ఆకర్షించును. అందుచేత నీటి ఆమ్ల క్షార స్థితిని సరిచేయక బూడిద కుమ్మరించుట, రోగ మెఱుగక మందు పోయుటతో సమానము.

లెక్క చెప్పు సత్యము

ఇపుడు లెక్కకు వత్తము గాక. దినమునకు నూఱు కిలోల వస్త్రము నద్దు చిన్నశాల యొకటి కలదనుకొన్నచో, పైన చెప్పిన లెక్కచొప్పున దాని వ్యర్థజలము 10,000 లీటర్లు. లీటరునకు 100 మిల్లిగ్రాముల రంగున్నదని భావించిన, దినమునకు ఒక కిలో రంగు. గ్రామునకు 200 మిల్లిగ్రాములు పట్టు పదార్థమైనచో దినమునకు 5 కిలోలు చాలును. గ్రామునకు 4 మిల్లిగ్రాములు పట్టునదైనచో 250 కిలోలు కావలయును. ఏడాదికి 300 పనిదినములైన మొదటిది ఒకటిన్నర టన్ను; రెండవది 75 టన్నులు! ఇది కాగితముమీది కనీసపు లెక్క. నీటిలో రంగు తగ్గినకొలది పట్టు శక్తియు తగ్గును గనుక వాడుకలో ఇంకను హెచ్చు కావలయును.

ఉచితముగా వచ్చినను 75 టన్నుల బురదను బండ్లపై తోలించుట, కడుగుట, ఆరబెట్టుట, వాడినపిమ్మట దాచుట ఉచితములు కావు. కాబట్టి "చౌక" అను మాటను తూకమున నిలిపి చూడవలెను. పదార్థపు ధర కాదు, శుద్ధియైన నీటికి లీటరు ఒక్కింటి మొత్తము ఖర్చే నిజమైన కొలత. చక్కెర మిల్లు చెంతనే అద్దకపు శాల యున్నచో పిప్పి బూడిద లాభము. వందల మైళ్ళ దూరమునుండి తెప్పించిన నష్టము.

చేయు విధానము

విధానమున గొప్ప రహస్యములు లేవు. తెచ్చిన బూడిదను ముందు నీటితో పలుమాఱులు కడిగి, అందులోని కరుగు లవణములను, క్షారమును తీసివేయుదురు. ఆరబెట్టి, జల్లించి, సమపరిమాణముగల రేణువులను వేఱుచేయుదురు. రంగునీటిని మొదట ఒక తొట్టిలో నిలిపి, చల్లార్చి, నూలుదుమ్మును దింపి, ఆమ్లక్షారములను సరిచేయుదురు. పిదప రెండు మార్గములు. తొట్టిలోనే బూడిద కలిపి కొంతసేపు త్రిప్పి, తేర్చి, తేటను వంచుట ఒకటి. నిలువు గొట్టమున బూడిదను దట్టించి పైనుండి నీటిని మెల్లగా పాఱించుట రెండవది. గొట్టపు అడుగున మరల రంగు కనబడిన క్షణమున పదార్థము నిండినదని తెలిసికొని మార్చవలెను. మిక్కిలి సన్నని బూడిదను గొట్టమున దట్టించిన నీరు దిగదు; దానిని ఉండలుగా చేయుటయో, తొట్టి పద్ధతి నవలంబించుటయో తగును.

మేలెఱుగక కీడు

ఈ చికిత్సకు నాలుగు హద్దులు కలవు.

మొదటిది ఉప్పు. బూడిదగాని అంగారముగాని రంగును పట్టునేగాని ఉప్పును పట్టదు. తిరుప్పూరు రైతు పొలమును చెఱచినది రంగుకంటె ఉప్పే. త్రాగునీటికి భారత ప్రమాణముల ప్రకారము లీటరునకు కరిగిన లవణములు 500 మిల్లిగ్రాములు మించరాదు. వేఱు నీరు లేనప్పుడు 2,000 వఱకు సహింపవచ్చును. అద్దకపు నీటిలో ఇవి అంతకు పలురెట్లు. రంగుపోయి స్ఫటికమువలె నున్న నీరు మఱింత అపాయకరము. కన్ను దానిని నమ్మును గనుక! ఉప్పును తీయుటకు పొరలతో వడకట్టి, మిగిలిన చిక్కని ద్రవమును ఇగిర్చుటయే మార్గము. తిరుప్పూరు శాలలు తుదకు ఆ మార్గమునే పట్టవలసివచ్చినది. బూడిద చికిత్స ఆ పొరలకు ముందు మెట్టుగా పనికివచ్చునుగాని, వానికి బదులు కాజాలదు.

రెండవది మందులోని విషము. బూడిదయందును, ఎఱ్ఱబురదయందును ఆర్సెనిక్, క్రోమియం మొదలగునవి లేశముగా నుండవచ్చును. రంగును తీసి లోహమును విడిచిన అది చికిత్స కాదు. ప్రతి మూలమునుండి వచ్చిన పదార్థమును ముందు పరీక్షింపవలెను.

మూడవది స్థిరత్వము లేకుండుట. ఈ నెల బూడిద వలె వచ్చే నెల బూడిద యుండదు. బొగ్గు మాఱును, కొలిమి మాఱును. ఇచ్చటను అద్దకము నేడు ఎఱుపు, రేపు నలుపు. పరిశోధనాలయమున పరిశుద్ధజలమున ఒకేరంగు కలిపి సాధించిన ఫలితము, ఉప్పు, సోడా, సబ్బు, నాలుగు రంగులు కలిసిన కాలువలో సాధ్యము కాకపోవచ్చును.

నాల్గవది, అన్నింటికంటె గొప్పది, వాడిన బూడిద. రంగు నశింపలేదు, నీటినుండి బూడిదకు మకాము మార్చినది. దానిని వాగుగట్టున పోసినచో తొలకరివానకే తిరిగి నీటిలోనికి దిగును. బిచ్చరి నూతులు చెప్పిన పాఠమిదియే. బొగ్గు పాలు ఎక్కువగా గలదానిని తగిన కొలిమిలో అధికోష్ణమున కాల్చవచ్చును. ఖనిజ పాలు ఎక్కువగా గలదానిని సిమెంటుతోనో, ఇటుకలోనో బంధింపవచ్చును. కాని ఆ యిటుకను నీట నానబెట్టి, విషము దిగుటలేదని పరీక్షించిన పిదపనే. ఏదియు వీలుకానిచో అడుగున నీరుదిగని పొరలు పఱచిన గోతులలో భద్రపఱుపవలెను. "వాడినదానిని ఏమి చేయుదురు?" అను ప్రశ్నకు సమాధానము లేని శుద్ధియంత్రము సగపు యంత్రమే.

ఇన్ని హద్దులున్నవని ఈ మార్గమును నిరసించుట తగదు. దూరమెఱిగి, రంగెఱిగి, పదార్థమెఱిగి వాడినచో, చెఱువులుగా నిలువయున్న వ్యర్థములలో కొంత తగ్గును. అంగారము కొనలేని చిన్నశాల నిలుచును. నదిలో దిగు రంగు తగ్గును. అన్నింటికంటె మేలైనది రంగును తొట్టిలోనే పొదుపు చేయుట. తక్కువ నీటితో, తక్కువ ఉప్పుతో, ఎక్కువ రంగు పట్టునట్లు అద్దుట నేర్చిన శాలకు చికిత్సయొక్క భారమే తగ్గును.

గ్రామమువారి కర్తవ్యము

శాస్త్రము కర్మాగారపు ప్రాకారములో ఆగిపోరాదు. 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టము, 1986 నాటి పరిసర రక్షణ చట్టము దేశమున అమలులో నున్నవి. కాని చట్టమునకు సాక్ష్యము కావలెను. నీరు చెడిన పిదప "మునుపు మంచిదే" యనిన మాట చాలదు, మునుపెట్లుండెనో వ్రాసియుండవలెను. ఇచ్చటనే గ్రంథాలయమునకు పనికలదు. ఏటికి రెండుమాఱులు, వానకు ముందొకమాఱు, వెనుకనొకమాఱు, ఊరి నూతుల నీటిని, చెఱువు నీటిని పరీక్షించి, కరిగిన లవణములెన్ని, రంగు వాసనలెట్టివి యని తేదీతో ఒక పుస్తకమున వ్రాసియుంచిన చాలును. లవణములను చూపు చిన్న మీటరు స్వల్పమైన వెలకే దొరకును. బిచ్చరివంటి ఆపద వచ్చిననాడు ఆ పుస్తకము వంద అర్జీలకంటె బలమైన సాక్షి.

విద్యార్థులకొక చిన్న ప్రయోగము. రెండు గ్లాసుల నీటిలో నాలుగేసి చుక్కల నీలిసిరాయు, చెంచాడేసి ఉప్పును కలుపుడు. ఒకదానిలో మెత్తగా నూఱిన బొగ్గుపొడిని వేసి, కొంతసేపు కలియబెట్టి, నాలుగు మడతల గుడ్డతో వడకట్టుడు. రెండింటిని ప్రక్కప్రక్కన నుంచిన రంగులోని భేదము తెలియును. పిమ్మట ఆ తేటనీటిని నల్లని పలకపై నాలుగు చుక్కలు వేసి ఎండబెట్టుడు. నీరు ఇగిరినచోట తెల్లని మచ్చ మిగులును. ఆ మచ్చయే ఉప్పు. తేటయైనదెల్ల శుద్ధము కాదను సత్యము ఆ పలకమీద వ్రాసియుండును.

ఎఱ్ఱని చీర, నీలపు ధోవతి, పసుపు రవిక లేని పండుగను ఎవరును కోరరు. అద్దకపువాని బ్రదుకును నిలువవలెను. దిగువనున్న రైతు నూయియు నిలువవలెను. రెండును నిలుపు ఉపాయము బూడిదలోనో, మసిలోనో కొంత దొరకినది. మిగిలినది పరీక్షించు ఓపికలోను, లెక్కవ్రాయు అలవాటులోను, వాడినదానికి బాధ్యత వహించు నీతిలోను దొరకవలసియున్నది. అట్టి ఓపికను, అలవాటును, నీతిని నేర్పు పాఠశాలయే గ్రంథాలయము. ఈ సంస్థ స్వర్ణోత్సవ, వజ్రోత్సవములను గూడ జరుపుకొని, ఊరి జ్ఞానమును, ఊరి జలమును నిర్మలముగా కాపాడుగాక!